పీతగాడు స్నానం వద్దన్నాడు

వల కాపలా చిట్టా, పడమటి గట్టు. రాసింది గరికిన దానమ్మ. కార్తీకం నుంచి పుష్యం దాకా ఉన్న ఈ పేజీల్లో ఒక్క ముక్క మార్చలేదు. మార్చాలని చాలాచోట్ల చెయ్యి వెళ్ళింది. నా తెలివితక్కువతనం ఎలా ఉన్నది అలాగే ఉండాలని వదిలేశాను.

కార్తీక బహుళ తదియ

తెల్లారేసరికి వలలన్నీ బొటబొటా కారుతున్నాయి. పడమటి గట్టు వల కింద తొట్టె పొర్లింది. తూర్పు వలలో ఓ మాదిరి. చిరుగులు లేవు, జిగురు పూత బాగానే ఉంది. నీళ్ళ ఆఫీసు వాళ్ళకు ఈ చిట్టాలో కావలసింది ఇంతవరకే. మిగతాది వాళ్ళు చదవరు కాబట్టి మిగతాది నాది.

మా తాత చేపలకు వేసిన వల నేను పొగమంచుకు వేస్తున్నాను. చేపయితే పులుసు పెట్టుకోవచ్చు, మంచును తాగడం తప్ప ఏం చేస్తాం. సముద్రం మా పాత పేటను మింగి ఎక్కడో కింద పడుకుని ఉంది. దాని పోటూ పాటూ ఈ కొండ మీద మాకు పట్టవు. అయినా తిథి చూసుకోనిదే మా ఇంట్లో పొయ్యి వెలగదు. కుక్క మెడలో పట్టీకి కూడా తిథులే నేర్పాను.

తొట్టె పొర్లిందంటే వీధిలో ఇంటింటికీ మిగులు నీళ్ళు. మిగులు నీళ్ళంటే మా పీతగాడికి స్నానం. పీత మా కుక్క. కూనగా ఉన్నప్పుడు పక్కవాటుగా నడిచేవాడని మా ఆయన మాసేను ఆ పేరు పెట్టాడు. ఈ కొండ మీద పుట్టిన పిల్లలెవరూ అసలు పీతను చూడలేదు. పీత అంటే నల్లగా ఉండి, చెవులు వేలాడేసుకుని, తోకాడించే జంతువని వాళ్ళ గట్టి నమ్మకం. వాడు పడుకునేది వలల కింద. పైనుంచి జిగురు పూత కారి బొచ్చు అట్టలు కడుతుంది. అది కుంకుడు రసానికి తప్ప దేనికీ లొంగదు.

నీళ్ళు గోరువెచ్చగా కాచి, కుంకుడుకాయలు కొట్టి, నురగ తీసి వాణ్ణి పిలిచాను. మా వీధి మొదట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, "అడగనిదే తాకరాదు" అని. కుక్కయినా, మేకయినా, పిల్లయినా సరే. జంతువుల అరుపులను మాటలుగా చెప్పే మాటపట్టీలు వచ్చాక పెట్టుకున్న కట్టుబాటు ఇది. నోరొచ్చిన జీవిని అడక్కుండా ముట్టుకోవడం ఏం మర్యాద? ఈ కట్టుబాటు వీధిలో అందరికంటే శ్రద్ధగా పాటించేది నేనేనని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

"పీతా, నీల్లు పొయ్యనా?" అని అడిగాను.

"సరే" అంది వాడి మెడలో మాటపట్టీ. బుర్రకథ చెప్పేవాడి గొంతు. పట్టీకి గొంతు ఎంచుకోమన్నప్పుడు మాసేను నవ్వులాటకు ఆ గొంతు పెట్టించాడు. మా పీత ఆకలి అన్నా యుద్ధానికి పిలిచినట్టే ఉంటుంది.

పొట్ట కింద చెయ్యి వేసి తొట్టిలోకి ఎత్తబోయాను. వాడు కుయ్యిమని అరిచి, నడుం ముడుచుకుని నా చేతుల్లోంచి జారిపోయాడు. ఆ అరుపు నేనెప్పుడూ వినలేదు. పట్టీ కూడా వినలేదు. కొత్తది వచ్చినప్పుడల్లా చేసినట్టే ఆకుపచ్చ దీపం వెలిగించి నన్నడిగింది. "ఇది నాకు కొత్త. దీనికి ఏ మాట పెట్టుకోను?"

పట్టీకి మాటలు నేర్పేది ఇంటివాళ్ళే. ఆకలి, భయం, తలుపు తియ్యి, మాసేను వచ్చాడు, అన్నీ నేను నేర్పినవే. ఒక్కసారి చెబితే మళ్ళీ అడగదు.

"ఏటుంటాది, తానం వొద్దంతన్నాడు" అన్నాను నవ్వుతూ. "పెట్టుకో. స్నానం వద్దు."

"పెట్టుకున్నాను" అంది. దీపం ఆరిపోయింది.

వద్దన్నాక వద్దన్నట్టే. నీళ్ళు తీసుకెళ్ళి మునగ మొక్కకు పోశాను.

మార్గశిర శుద్ధ షష్ఠి

తొట్టె మళ్ళీ పొర్లింది. తూర్పు వల అంచు ఊడితే కుట్టాను.

పీతగాడు ఈమధ్య మహా ముందుచూపు మనిషయ్యాడు. నేనింకా పొయ్యి వెలిగించలేదు, నీళ్ళు మొయ్యలేదు. మంచం మీంచి దూకగానే "స్నానం వద్దు" అన్నాడు. నిన్న మెట్లెక్కుతూ కూడా అదే మాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నీళ్ళే లేకుండా స్నానానికి భయమేమిటి వీడికి!

పక్కింటి సన్నాసమ్మ వదినకు చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. "మీ పీత కల్లో కూడా తొట్టే అగుపిస్తన్నట్టుందొదినా!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు అరుగు కింద పడుకుని మమ్మల్ని చూస్తున్నాడు.

మార్గశిర పౌర్ణమి

వలల్లో నీళ్ళు బాగా ఉన్నాయి. ఇంట్లో మనశ్శాంతి లేదు.

పీత కంపు కొడుతున్నాడు. జిగురు వీపు మీద పెంకు కట్టింది. ఇంట్లోకి వస్తే అన్నం సయించడం లేదు. పొద్దున్న మాసేనుకు విసుగొచ్చింది.

"కుక్కనడిగి నీల్లోస్తారేటే ఎక్కడైనా? మాయయ్య చెవట్టుకుని సముద్రంలో ముంచీసీవోడు. కుక్క దులుపుకునీది, ఎల్లిపోయీది."

"మీ అయ్య నాటి కుక్కకి నోరు లేదు మావా. ఈడికుంది" అన్నాను.

ఆయన వినలేదు. వాకిట్లోకి పోయి పీతను రెండు చేతులతో పొట్ట కింద పట్టి ఎత్తాడు. అంతే, "స్నానం వద్దు! స్నానం వద్దు! స్నానం వద్దు!" అని బుర్రకథ గొంతు వీధంతా మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం అరుగుల మీదికొచ్చి నిలబడ్డారు. సన్నాసమ్మ వదిన నోరు నొక్కుకుని, "అదేటి మాసేనన్నా, నోరు తెరిచి అన్నిసార్లు వొద్దంతంటే?" అంది.

మాసేను పీతను దించేశాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. నడిసముద్రంలో తుపానుకు బెదరని వంశంవాడు, ఒక కుక్క మాటకు నలుగురిలో తలదించుకున్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా నేను. ఊరుకోలేదు. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. "బుద్ధుందేటి నీకు? అడక్కుండా ముట్టుకుంతావా?" అని.

అప్పటినుంచీ ఆయన పీత ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని గీరే చెవుల వెనక కూడా ఇవాళ గీరలేదు. పీత లేచి వెళ్ళి ఆయన మోకాలికి తల ఆనించాడు. "సెయ్యి ఎయ్యనురా, మీయమ్మ తిడతాది" అన్నాడు మాసేను. అది నాకు వినబడాలనే అన్నాడు. వినబడింది.

మార్గశిర బహుళ దశమి

ఇవాళ పీత నాతో వలల దగ్గరకు రాలేదు. గుమ్మంలో పడుకుని నేను వెళ్తుంటే కళ్ళు మాత్రం తిప్పాడు. అన్నం సగం వదిలేశాడు. పెట్టింది ఎండుచేప ముక్క, మాకు కూడా దొరకనిది.

వచ్చి పక్కన కూర్చున్నాను. తాకలేదు. అడిగాను.

"ఏటైందిరా? నొప్పిగా ఉందేటి?"

"స్నానం వద్దు."

"తానం సంగతి కాదు. ఒంట్లో ఎలగుంది?"

"స్నానం వద్దు."

గాబరా పుట్టి పశువుల డాక్టరు హైమవతి గారికి తీగ మీద కబురు చేశాను. ఆవిడ దిగువ మలుపులో ఉంటారు. ఈ కొండ మీద ఉన్న నాలుగు కాళ్ళ వాటన్నిటికీ ఆవిడ ఒక్కరే, కాబట్టి ముందు పట్టీతో మాట్లాడతారు, అవసరమైతేనే పైకొస్తారు. అది అందరికీ తెలిసిన పద్ధతే. ఆవిడ అక్కణ్ణుంచే పట్టీని అడిగారు, ఈ రెండు నెలల్లో నొప్పి అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందని.

"ఒక్కసారీ రాలేదు" అంది పట్టీ.

"వయసు మీద పడుతోంది దానమ్మ గారూ, అంతే. స్నానమంటే బెంగ పెట్టుకున్నట్టున్నాడు. ఆ విషయంలో బలవంతం చెయ్యకండి, కుదుటపడతాడు" అన్నారు డాక్టరు గారు.

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పీత దగ్గరకు వచ్చి చెప్పాను. "ఇంక నిన్ను తానం అడగనురా. ఒట్టు. కంపు కొడితే కొట్టు. సరేనా?"

"స్నానం వద్దు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అడగనని ఒట్టేసి సెప్తే మల్లీ అదే పాటేటి! మొండిఘటం!" అని విసురుగా లేచి వచ్చేశాను. కాసేపటికి తొంగి చూస్తే ఇంకా నేను వెళ్ళిన వైపే చూస్తున్నాడు.

పుష్య శుద్ధ చవితి

వారం పైగా ఎండ ముఖం చూడలేదు. మంచు గోడలా నిలబడిపోయింది. వలలు మొయ్యలేక వంగిపోతున్నాయి, తొట్టెలన్నీ పొర్లుతున్నాయి. ఆఫీసు వాళ్ళకు పండగ.

పట్టీ బతికేది ఎండ మీద. నిన్న దాని గొంతు సన్నగిల్లింది, ఇవాళ పూర్తిగా పోయింది. పట్టీ మూగబోతే మళ్ళీ ఎండ వచ్చేదాకా జంతువును ముట్టుకోకుండా ఉండడం మా వీధి ఆనవాయితీ. ఆరబెడదామని పట్టీ విప్పాను. దాని కింద మెడ చుట్టూ బొచ్చు అణిగిపోయి, తెల్లటి చర్మం కనబడుతోంది. ఆ చోట వేళ్ళు పెట్టి ఎన్నాళ్ళయింది? పట్టీ కట్టిన రోజు పెట్టి ఉంటాను.

వాడు నెమ్మదిగా లేచి, నాలుగడుగులకే ఆగి, మళ్ళీ నడిచి వచ్చి నా ఒళ్ళో తల పెట్టాడు. అడగాలంటే పట్టీ లేదు. చెయ్యి దానంతటదే వాడి నెత్తి మీదికి వెళ్ళింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఇది సరేనో వద్దో చెప్పడానికి నాకు పట్టీ కావాలా?

లేచి కుంకుళ్ళు కొట్టాను. తొట్టి తేలేదు, ఎత్తలేదు. పడుకున్న చోటే కొంచెం కొంచెం నీళ్ళు పోసి రుద్దాను. వీపు, మెడ, చెవుల వెనక, కాళ్ళు. పెంకులు పెంకులుగా జిగురు ఊడి వస్తుంటే వాడు నా మోచెయ్యి నాకాడు. కుంకుడు చేదుకు తుమ్మాడు కూడా. స్నానం వాడికి ఇష్టమే! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బెంగా లేదు, గింగా లేదు, అంతా మా పిచ్చి అనుకుంటూ పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చాను.

ఎడమ పక్క, వెనక కాలికి కాస్త ముందు, వేళ్ళకు గడ్డ తగిలింది. నిమ్మకాయంత. రాయిలా ఉంది.

వాడు అరిచాడు. కార్తీకంలో తొట్టి దగ్గర అరిచిన అరుపే. మంచం దూకినప్పుడు, మెట్లెక్కినప్పుడు, మాసేను ఎత్తినప్పుడు అరిచిన అరుపే. ఇన్నాళ్ళూ దాని వెనకాలే బుర్రకథ గొంతు వచ్చి కప్పేసేది. పట్టీ లేకుండా ఆ అరుపు విన్నాక అదేమిటో పాలు తాగే పిల్ల కూడా చెబుతుంది.

"మావా!" అని కేకేశాను. "మావా, బేగి రా!"

మాసేను పరిగెత్తుకొచ్చాడు. నా చెయ్యి ఉన్న చోట తన చెయ్యి పెట్టి చూశాడు. "ఆ రోజు ఎత్తినప్పుడు నా సేతికి ఏదో తగిలిందే" అన్నాడు. "అందరూ సూస్తన్నారని వొదిలీసినాను."

పుష్య శుద్ధ సప్తమి

ఎండ వచ్చింది. హైమవతి గారు వచ్చారు, ఈసారి స్వయంగా, మెట్లన్నీ ఎక్కి. పీతను చాలాసేపు తడిమి చూశారు. ఆవిడ ముఖం చూస్తుంటేనే నాకు అర్థమైపోయింది.

"కార్తీకంలో చూసుంటే కోసి తీసేసేదాన్ని. చిన్న పని. ఇప్పుడు లోపలికి పాకేసింది దానమ్మ గారూ. కత్తి పెడితే తట్టుకోలేడు" అన్నారు. "నేనూ పట్టీనే అడిగాను. పైకొచ్చి ఒక్కసారి చెయ్యి వేసి చూడాల్సింది" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టీకి నొప్పి అన్న మాట నేర్పే అవసరమే ఇన్నేళ్ళలో రాలేదు, వాడంత ఆరోగ్యంగా పెరిగాడు. ఆ మాట రావలసిన రోజు నేను నవ్వుతూ వేరే మాట పెట్టాను.

బాధ తగ్గే మందు ఇచ్చి, "పట్టీలో ఆ మాట సరిదిద్దండి. మందు ఎప్పుడు కావాలో వాడే చెబుతాడు" అని వెళ్ళారు.

ఎండలో పెట్టిన పట్టీ తెచ్చి కట్టాను. బొత్తాం నొక్కి చెప్పాను. "ఒక మాట మార్చాలి. స్నానం వద్దు అని పెట్టుకున్నావే, అది కాదు."

ఆకుపచ్చ దీపం వెలిగింది. "ఏ మాట పెట్టుకోను?"

మాసేను నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నొప్పి" అన్నాను.

"పెట్టుకున్నాను. పాత మాటలన్నీ సరిదిద్దాను. వినిపించనా?"

దేనికి ఒప్పుకుంటున్నానో తెలియక ఊఁ అన్నాను. బుర్రకథ గొంతు మొదలైంది.

"కార్తీక బహుళ తదియ, తొట్టి దగ్గర. నొప్పి. మార్గశిర శుద్ధ పంచమి, మెట్ల మీద. నొప్పి. షష్ఠి, మంచం దిగుతూ. నొప్పి. పౌర్ణమి, వాకిట్లో. నొప్పి. నొప్పి. నొప్పి."

మాసేను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఆపీయే" అన్నాడు.

"ఉండనీ మావా. ఇప్పుడైనా ఇందాం."

"బహుళ దశమి. నొప్పిగా ఉందా అని దానమ్మ అడిగింది. జవాబు, నొప్పి. ఒంట్లో ఎలా ఉంది అని దానమ్మ అడిగింది. జవాబు, నొప్పి. ఇంక స్నానం అడగను, ఒట్టు, సరేనా అని దానమ్మ అడిగింది. జవాబు, నొప్పి."

ఆ తర్వాత నేను వాణ్ణి ఏమన్నానో పట్టీ చెప్పలేదు. నాకు గుర్తుంది. నేను అడిగినప్పుడల్లా వాడు జవాబు చెప్పాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆ మాటను నేను మొండితనం అన్నాను.

పట్టీ విప్పేశాను. మందు ఎప్పుడు కావాలో తెలుసుకోవడానికి రాత్రీ పగలూ వాడి మీద చెయ్యి వేసి ఉంటే చాలు. మాసేను ఒక పక్క, నేనొక పక్క. వలలు ఎవరైనా చూసుకుంటారు.

పుష్య పౌర్ణమి

పీతగాడు ఇవాళ మిట్టమధ్యాహ్నం, అరుగు మీద ఎండలో, మాసేను చెవుల వెనక గీరుతుండగా పోయాడు.

మా వాళ్ళలో పోయినవాళ్ళను స్నానం చేయించకుండా పంపరు. కుక్కకు కూడానా అని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. వీధిలో వాళ్ళు తమ మిగులు నీళ్ళు ఒక్కొక్క చెంబు తెచ్చి మా తొట్టిలో పోసి వెళ్ళారు. సన్నాసమ్మ వదిన పీత దగ్గర నిలబడి, "ముట్టుకోనా ఒదినా?" అని అడిగింది, ఎవర్ని అడగాలో తెలియక నన్నే అడిగింది. తర్వాత వంగి వాడి వీపు మీద చెయ్యి వేసి, ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళగానే వాళ్ళ కుక్కను కేకేసి ఒళ్ళంతా తడిమి చూడడం ఇక్కడికి కనబడింది.

నీళ్ళు గోరువెచ్చగా కాచాను. చల్లటివి చాలు కదా అని తెలుసు. కాచాను. మాసేను పోశాడు, నేను రుద్దాను. కార్తీకం నుంచి మిగిలిన జిగురు చివరి పెంకు కూడా వదిలింది. ఒళ్ళు నిగనిగలాడింది. నురగ కళ్ళలోకి పోకుండా అలవాటు కొద్దీ అరచెయ్యి అడ్డం పెట్టాను.

పొట్ట ఎడమ పక్కకు వచ్చేసరికి నా చెయ్యి మెత్తబడిపోయింది. వేళ్ళు గడ్డను తప్పించుకుని, చుట్టూ తిరిగి, అవతలికి పోయాయి.

"గట్టిగా రుద్దే" అన్నాడు మాసేను. "ఇంకేటి నొప్పి ఆడికి."

నిజమే. ఇప్పుడు ఎంత గట్టిగా రుద్దినా వాడు వద్దనడు. అయినా నా చేత కాలేదు.